చుంచెలుక ఉపవాసం

మా అత్తగారింట్లో ప్రతి ద్వారబంధానికీ పైన నూనె మరక ఒకటి ఉండేది. తరతరాలుగా ఆ ఇంటివాళ్ల తలలు తగిలి తగిలి పడిన మరక అది. మగవాళ్లే కాదు, ఆడవాళ్లు కూడా వంగి నడవాల్సిన ఇల్లు. అటువంటి ఇంటికి నేను కోడలిగా వెళ్లాను. ఎగిరి దూకినా ఆ మరక నాకు అందదు. గడపలో అడుగు పెట్టే రోజున లోపలి నుంచి నలుగురు ఒక్కసారిగా "వంగి రామ్మా, తల తగుల్తాది" అని కేకేశారు. అది వాళ్ల అలవాటు. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, అంటే పెద్దగా దూరం లేదు లెండి, పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కొత్త పెళ్లికూతురిని కాబట్టి మండే ఒంటితోనే తల దించుకుని లోపలికి పోయాను.

అరవయ్యో దశకం మొదలవుతున్న రోజులవి. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే వరి పొలాలు, పొలాలు అయిపోయాక ఇసుక, ఇసుక అయిపోయాక నీళ్లు. ఆ పొలాలు అయిపోయే చోట ఉంది మా అత్తగారి ఊరు. ఇంట్లో మా అత్త, మామ, మా ఆయన. సెలవులకు వచ్చిపోయే మరిది ఒకడు, తిరుపతిలో పశువుల డాక్టరు చదువు చదివేవాడు. నాది నెల్లూరు టౌను. మా నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా. మా పుట్టింట్లో అందరం పొట్టివాళ్లమే, అందరం బాగా తినేవాళ్లమే. కాబట్టి నా తిండి తప్పని నాకు పెళ్లయ్యేదాకా తెలియదు.

మా అత్తకు వడ్డన విషయంలో ఒక సూత్రం ఉండేది. ఒంటిని బట్టి వడ్డన. మనిషి సగముంటే అన్నమూ సగమే చాలు. మా మామకు, మా ఆయనకు పెద్ద గరిట, నాకు పప్పు వడ్డించే చిన్న గరిట. కొత్తలో సిగ్గుపడి ఊరుకున్నాను. పది రోజులు పోయాక సిగ్గు కంటే ఆకలి పెద్దదైంది. జువ్వలదిన్నె నుంచి గంపలో వచ్చిన చేపలు ఆ పూట మామిడికాయ వేసి పులుసు పెట్టారు. అన్నమేమో మొలగొలుకుల బియ్యం. ఎదురుగా ఆ రెండూ ఉండగా సిగ్గుపడేవాళ్లు ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం గరిట నా చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు మా మామ తినడం ఆపి నన్ను చూశాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల చెంబులో తల పెట్టాడు.

అప్పటి నుంచి ఊళ్లో నా మీద ఒక సామెత పుట్టింది. పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు కదా, దాన్ని నా కోసం మార్చి "పిట్ట కొంచెం, మేత ఘనం" అన్నారు. నీళ్ల కోసం బావికి పోతే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నా నడుం చూసి, కడుపు చూసి, "యాడ పెడతా ఉండావు మే, అంతా?" అని అడిగేవాళ్లు. నేను కడవ ఎత్తుకుని "కాళ్లల్లో పెడతా ఉండా" అని చెప్పి వచ్చేదాన్ని.

తినేవాళ్ల ముద్దలు లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుంది. ఇది మా అత్తకు బాగా తెలుసు. అందుకని నేను తింటున్నప్పుడు ఆవిడ భక్తిగా దూలాల వైపు చూస్తూ కూర్చునేది. కానీ బొటనవేలు మాత్రం జపం చేసినట్టు మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటే ఎక్కుతూ పోయేది. నేను ముద్ద మింగితే ఒక కణుపు. మింగకుండా నములుతూ కూర్చుంటే వేలు అక్కడే ఆగేది. ఒకసారి కావాలని ఆ ముద్దను చాలాసేపు నమిలాను. దూలాల వైపు చూస్తున్న మా అత్త ఓర్చుకోలేక "మింగమ్మే" అంది.

ఇక ఆవిడ తిండి సంగతి. అందరి తిళ్లూ అయ్యాక ఆకు వేసుకుని, నాలుగంటే నాలుగు ముద్దలు తిని, మజ్జిగ తాగి లేచేది. మనిషేమో నడిస్తే ఉట్టి మీద కుండలు ఊగేంత భారీ మనిషి. ఊరంతా ఆవిడ గురించి గొప్పగా చెప్పుకునేది. "ఆ మహాతల్లి గాలి పీల్చి బతుకుతాది" అనేవాళ్లు. పేరంటాలకు పోతే పెట్టిన తాంబూలం తప్ప ఏదీ ముట్టేది కాదు. ఇంత పేరున్న అత్తకు నాలాంటి కోడలు రావడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

ఆ ఊళ్లో ఒక వైద్యుడు ఉండేవాడు. మా అత్త పిలిపిస్తే వచ్చి నా నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, "భస్మకం" అన్నాడు. అంటే కడుపులో మంట ఎంత పుట్టిందంటే, ఎంత వేసినా బూడిదైపోతుంది, ఒంటికి పట్టదు. జబ్బు పేరు విన్నాక మా అత్త ముఖం కొంచెం తేటపడింది. కోడలు తిండిపోతు అని చెప్పుకోవడం కంటే కోడలికి రోగం అని చెప్పుకోవడం మర్యాద.

ఆ సాయంత్రం తీర్పు వచ్చింది. మా మామ, మా ఆయన వింటుండగానే చెప్పింది.

"కార్తీకం వస్తా ఉండాది. సోమవారాలన్నీ ఉపవాసం ఉండాల. పొద్దుగుంకి చుక్క కనపడినాక తినాల. అట్ట ఉంటే లోపల మంట చల్లారతాది. ఉండలేకపోయినావా, రోగం ముదిరినట్టే. పుట్టింటికి పోయి మందు తిని, నయమైనాక రా."

పుట్టింటికి పోయి మందు తినడమంటే ఏమిటో నాకు తెలుసు. పక్క వీధి కోడలు ఒకామె అంతకు ముందు ఏడు మూర్ఛకు మందు తినడానికి పోయింది. ఆమెను తీసుకురావడానికి బండి కట్టిన వాళ్లు లేరు. నాకు భయమేసింది. మా నాన్న గుమ్మంలో దిగి, నా పెట్టె దించి, చుట్టుపక్కల వాళ్లు "అమ్మాయి ఎందుకొచ్చింది?" అని అడిగితే "తిండి ఎక్కువైంది" అని ఎలా చెప్పాలి? దానికి తోడు, అప్పటికి మా ఆయన నాకు నచ్చేశాడు. నాతో కంటే ఎద్దులతో ఎక్కువ మాట్లాడే మనిషే గానీ, చెంబులో తల పెట్టి నవ్విన ఆ నవ్వు నాకు నచ్చింది. ఆ ఇల్లు వదిలి పోవడం నాకు ఇష్టం లేదు.

మొదటి సోమవారం మధ్యాహ్నానికే నా కళ్ల ముందు నల్లచుక్కలు తిరిగాయి. చూడాల్సిన చుక్క మాత్రం ఇంకా రాలేదు. మా అత్త ఉదయం నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఇల్లంతా తిరుగుతూ వడ్లు చెరిగించింది, దూడను కట్టించింది, పనివాళ్లను తిట్టింది. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. దీపావళి సెలవులకు వచ్చిన మా మరిది నన్ను చూసి, "ఏంది వదినా, అట్ట వాడిపోయినావు? కడుపులో ఎలుకలు పరిగెత్తతా ఉండాయా?" అన్నాడు.

"ఎలుకలు పరిగెత్తడం లేదు. చచ్చిపోయినాయి" అన్నాను.

వాడు నవ్వలేదు. పక్కన కూర్చుని, చదువుకున్న సంగతి చెప్పాలనే తొందరతో మొదలుపెట్టాడు. చుంచెలుక అని ఉంటుంది కదా, ఆ మూతి పొడుగుది, రోజుకు దాదాపు తన ఒంటి బరువంత తింటుందట. ఒక పూట తిండి దొరక్కపోతే ప్రాణానికే ముప్పట. ఏనుగు గడ్డివామంత తిన్నట్టు కనబడుతుంది గానీ, దాని బరువుతో పోలిస్తే అది కొసరి కొసరి తిన్నట్టే లెక్క. ఒళ్లు ఎంత చిన్నదైతే, తూకానికి తూకం, లోపలి మంట అంత ఎక్కువ. గుండె కూడా అంత వేగంగా కొట్టుకుంటుంది.

"నువ్వు ఈ ఇంట్లో చుంచువి వదినా. మా అమ్మ ఏనుగు. ఏనుగు ఒక రోజు పస్తుంటే దానికి తెలవను కూడా తెలవదు. చుంచు ఒక రోజు పస్తుంటే అది తపస్సు. పుణ్యం నీకే ఎక్కువ రావాల" అన్నాడు.

చుంచు అన్నందుకు కోపమొచ్చింది. పుణ్యం ఎక్కువ అన్నందుకు కోపం తగ్గింది. "అదెందుకట్ట?" అని అడిగాను.

వాడు వంటింటి వైపు చూపించాడు. "పొద్దున సంగటి కెలికి కుండలో ఉంచితే మధ్యాన్నందాకా పొగలొస్తాది. అదే సంగటి చిన్న చిన్న ముద్దలు చేసి పళ్లెంలో పెట్టు, కల్లాపి చల్లి వచ్చేలోపల చల్లారిపోతాది. చిన్న ముద్దకు లోపల సరుకు తక్కువ, బయట గాలి తగిలే మేర ఎక్కువ. నీ ఒళ్లూ అంతే. చల్లారకుండా ఉండాలంటే పొయ్యిలో కట్టె వేస్తానే ఉండాల."

ఇది నాకు బాగా అర్థమైంది. అన్నం గురించి ఎవరు ఏం చెప్పినా నాకు బాగా అర్థమవుతుంది. కానీ ఊరుకునే రకం కాదు కదా నేను. "మరి చేప ఒళ్లు చల్లగానే ఉంటాది గదా? చల్లారిపోతుందనే బాధ దానికి లేదు. చిన్న చేపకూ ఈ లెక్కే ఉంటాదా?" అని అడిగాను.

మరిది తల గోక్కున్నాడు. "చేపకూ ఇదే లెక్క అని రాసుండాది వదినా. ఎందుకో మాకు చెప్పే అయ్యవారికీ సరిగ్గా తెలవదు. సంగటి ముద్దతో పోల్చి చెప్తే లెక్క సరిగ్గా రాదంట గూడా. దాని మీద పెద్ద పెద్దోళ్లే కొట్లాడుకుంటా ఉండారంట."

అంత పెద్దవాళ్లు కొట్లాడుకునే విషయం నా కంచం దగ్గరికి వచ్చినందుకు నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

మా మామను ఒప్పించడం మరిదికి కష్టం కాలేదు. ఎద్దు బరువుకు సరిపడా మేకలను తెచ్చి కట్టేస్తే, ఎద్దుకు వేసే మేత వాటికి చాలుతుందా అని అడిగాడు. మా మామ పుట్టినప్పటి నుంచి పశువుల మధ్య పెరిగిన మనిషి. "యాడ చాలతాదిరా! రెండింతలు పెట్టినా అరస్తానే ఉంటాయి" అన్నాడు. అని, అర్థమైనట్టు నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. అయితే ఆ ఇంట్లో మా మామ మాట పశువుల కొట్టం దాకానే చెల్లేది.

మా అత్త దగ్గరికి వచ్చేసరికి మరిది దారి మార్చాడు. "అమ్మా, చిన్న ఒంటికి తిండి ఎక్కువ కావాలని శాస్త్రం చెప్తా ఉండాది" అన్నాడు. శాస్త్రం అనగానే మా అత్త చేటను పక్కన పెట్టి, చెంగు భుజం నిండా కప్పుకుంది. "ఏ పురాణంలో ఉండాది నాయనా?" అంది. మరిది ఇంగ్లీషు పేరేదో చెప్పాడు. మా అత్త చేటను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

శాస్త్రం అనే మాటకు ఉన్న బలం మరిదికి ఆ రోజే తెలిసింది. మర్నాడు వడ్లు తూసే పెద్ద కాటా వాకిట్లో వేలాడుతుంటే, "కార్తీకంలో తులాభారం తూగితే మంచిది, శాస్త్రంలో ఉండాది" అన్నాడు. మా అత్త పసుపు రాసుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చి తక్కెట్లో కూర్చుంది. అవతలి తక్కెట్లో వడ్లు పోశారు. పోస్తూనే ఉన్నారు. తక్కెడ సమమయ్యాక నన్ను కూడా ఎక్కించాడు. నన్ను రెండుసార్లు తూస్తే మా అత్త ఒకసారి. తూగిన వడ్లన్నీ దానం చేయాలని మా అత్త పట్టుబట్టింది. మా మామ ముఖం పాలిపోయింది. బేరమాడి బేరమాడి చివరకు ఒక్క కుంచం గుడికి పంపించాడు.

ఆ సాయంత్రం మరిది పశువుల కొట్టంలో నన్ను పట్టుకున్నాడు. నేల మీద పుల్లతో ఏవో గీతలు గీశాడు.

"నువ్వు అమ్మలో సగం తూగినావు. సగం ఒంటికి సగం తిండి కాదు, సగానికి పైన కావాల. అమ్మ అయిదు ముద్దలు తింటే నువ్వు మూడు తినాల. అది లెక్క."

"సరే. అయితే?"

"నువ్వు పది తింటా ఉండావు. అమ్మ లెక్క ప్రకారం పదహారు తినాల. ఆకులో నాలుగే తింటా ఉండాది." పుల్ల నేలకు గుచ్చి, గొంతు తగ్గించాడు. "పన్నెండు ముద్దలు యాడికి పోయినాయి వదినా?"

నాకు నవ్వొచ్చింది. "మీ శాస్త్రమే తప్పు. మీ అమ్మ గాలి పీల్చి బతుకుతాదని ఊరంతా చెప్తా ఉండారు."

"గాలికి ఒళ్లు రాదు వదినా" అన్నాడు మరిది.

వాడు తర్వాత డాక్టరై వచ్చాక ఒప్పుకున్నాడు. ఎలుకకూ ఏనుగుకూ మధ్య గీసిన గీత మీద అత్తాకోడళ్లను నిలబెట్టకూడదట. ఒకే జాతిలో మనిషికీ మనిషికీ మధ్య వయసు, పని, ఒంటి తీరు, ఇలా సవాలక్ష తేడాలు వస్తాయట. ఆ రోజు మాత్రం చదివిన చదువంతా కొత్త కత్తిలాగా చేతిలో ఉంది, కోయడానికి ఇంట్లో మేమిద్దరమే దొరికాం.

రెండో సోమవారం పడుకుని గడిపాను. కదిలితే ఆకలి పెరుగుతుందని మరిది సలహా. మూడో సోమవారం ముసురులో వచ్చింది. సెలవులైపోయినా మరిది వాన నెపంతో ఇంకా తిరుపతికి పోలేదు.

మా వైపు వానలు కార్తీకంలోనే. మిగతా దేశమంతా వానలు అయిపోయాయని గొడుగులు మూలన పెట్టే రోజుల్లో మాకు సముద్రం మీద నుంచి మబ్బులు ఎక్కి వస్తాయి. చుక్కను చూసి తినమని చెప్పిన పెద్దలు ఎవరో గానీ, వాళ్లు మా నెల్లూరు వైపు వాళ్లు కాదని నాకు గట్టి నమ్మకం. ఆదివారం నుంచి వాన. సోమవారం తెల్లారినట్టే తెలియలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆకాశం అంతా మసి గుడ్డ కప్పినట్టు ఉంది. పంచలో అందరం నిలబడి పైకి చూస్తున్నాం.

"ఇంక పొద్దు గుంకిపోయినట్టే గదా, చుక్క ఉందనుకోని తినేస్తే సరి" అన్నాడు మా మామ. ఆయనకు ఉపవాసం లేదు, అప్పటికే భోంచేశాడు కూడా. నా మీద జాలితో అన్న మాట అది.

"అనుకోని తినేదానికి అది ఉపవాసమా, ఆటా?" అంది మా అత్త. "చుక్క కనపడందే ముద్ద ముట్టేది లేదు. రేపటికి గాని కనపడకపోతే రేపటి దాకా అంతే. ఉండలేనోళ్లు చెప్పండి, పొద్దున్నే బండి కట్టిస్తా."

ఉండలేనోళ్లు అన్న బహువచనంలో నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయన ఏదో అనబోయి, వాళ్లమ్మ ముఖం చూసి, పశువులకు గడ్డి వేసే నెపంతో వానలోకి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆకలికి కాదు, ఆకలికి కూడా. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారనిపించింది. కడుపు నిండా తినడం తప్ప ఇంకేం పాపం చేశాను వీళ్లకి?

దీపంలో నూనె అయిపోవచ్చింది. నూనె డబ్బా కొట్టు గదిలో ఉంటుంది. వడ్ల గాదె, పప్పు జాడీలు, బెల్లం, చింతపండు అన్నీ ఉండే గది అది. అత్త కనబడలేదు, దేవుడి దగ్గర ఉందనుకున్నాను. దీపం బుడ్డి పట్టుకుని గోడను తడుముకుంటూ పోయి తలుపు తోశాను.

గాదె వెనక మా అత్త గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో అటుకుల చేట. ఒక చేతిలో బెల్లం ముక్క. రెండు బుగ్గలూ నిండుగా ఉబ్బి ఉన్నాయి.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. ఆ రోజు ఆ గదిలో తేలు ఇద్దరినీ కుట్టింది. నేను కేక వేయలేను, ఆవిడ మింగలేదు. పెంకు జారిన చోట నుంచి కింద పెట్టిన సత్తు గిన్నెలోకి వాన నీళ్లు టప్పుమని పడుతున్నాయి. చాలాసేపటికి ఆవిడ ఆ ముద్దను మింగి, గొంతు సవరించుకుని, ఏమాత్రం తొణక్కుండా అంది.

"చుక్క కనపడింది."

"యాడ అత్తా?"

పెంకు జారిన కంతను చూపించింది. నేను బుడ్డి ఎత్తి పట్టుకుని ఆ కంతలోకి చూశాను. బొగ్గు లాంటి మబ్బు, అందులోంచి నా ముఖం మీద ఒక చినుకు. నేను ముఖం తుడుచుకున్నాను.

"అవునత్తా. రెండు ఉండాయి" అన్నాను.

మా అత్త ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత ఆ పెద్ద ఒళ్లు ఊగేట్టు నవ్వు మొదలైంది. శబ్దం బయటికి పోకుండా చెంగు నోట్లో కుక్కుకుంది. జరిగి చోటిచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ గుప్పెడు అటుకులు నా చేతిలో పోసింది. ఆవిడ గుప్పెడంటే నాకు రెండు దోసిళ్లు.

"నేనూ నీ అంతే ఉన్నా మే, ఈ ఇంటికి వచ్చినప్పుడు" అంది. "ఇంత పొడుగు ఉన్నా గాని, పుల్లలాగా ఉన్నా. ఆకలంటే ఆకలి గాదు. మా అత్త నా ముద్దలు పైకే లెక్కపెట్టేది, నాలాగా వేళ్ల మీద గాదు. నాలుగు కాంగానే లెయ్యమనేది. ఊళ్లో అందరూ, ఏం కోడలమ్మా, నాలుగు ముద్దలతో లేస్తాది అన్నారు. పేరొచ్చింది. ఆమె పోయినాక తిందామంటే ఆ పేరు అడ్డమొచ్చింది. అందుకే ఈ గాదె వెనక్కి వస్తా ఉండా."

ఆవిడ మీద జాలేసింది. కానీ నోట్లో అటుకులు పడ్డాక నా కోపానికి కూడా బలమొచ్చింది. "అన్నీ తెలిసి నన్నెందుకు పంపిస్తామన్నారు మరి?" అని అడిగాను.

మా అత్త బెల్లం ముక్కను విరిచి సగం నాకిచ్చింది.

"నువ్వు అందరి ముందర తింటా ఉంటివి. గరిట నువ్వే తీసుకొని వడ్డించుకుంటా ఉంటివి. నాకు కడుపు మండింది మే" అంది.

అంత సూటిగా చెప్పేస్తే ఇంకేం పోట్లాడతాం? ఇద్దరం చేట ఖాళీ చేశాం. మూతులు తుడుచుకున్నాం. మా అత్త ముందుగా పంచలోకి పోయి గొంతెత్తింది.

"చుక్క కనపడింది! ఆకులు వెయ్యండి!"

మా మామ వానలోకి తల పెట్టి ఆకాశం అంతా వెతికాడు. "యాడే?"

"నాకు కనపడింది, కోడలికి కనపడింది. ఉపవాసం ఉన్నోళ్లకు కనపడతాది, కూడు తిన్నోళ్లకు కనపడతాదా?" అంది మా అత్త.

మరిది వాళ్లమ్మ చీర కుచ్చిళ్లలో చిక్కుకున్న అటుకు గింజను చూశాడు. తర్వాత నా వైపు చూసి, "పన్నెండూ దొరికినాయా వదినా?" అన్నాడు. నేను ఆకులు తేవడానికి లోపలికి పోయాను.

నాలుగో సోమవారం పండగలా గడిచింది. నా భస్మకం కార్తీక ఉపవాసాలతో చల్లారిపోయిందని మా అత్తే ఊళ్లో చాటింది. వైద్యుడు అది తన నాడి పరీక్ష మహిమ అని చెప్పుకున్నాడు. నా చేతికి పెద్ద గరిట వచ్చింది. మా అత్త మాత్రం ఆకు ముందు ఆ నాలుగు ముద్దల దగ్గరే లేచేది. "చుక్క కనపడింది" అని మా ఇద్దరిలో ఎవరు అన్నా రెండోవాళ్లు చేతిలో పని వదిలేసి కొట్టు గదికి పోవాలి. ఎండాకాలం పొద్దున పదిగంటలకు కూడా మా ఇంట్లో చుక్కలు కనబడేవి. ఒకసారి మరిది లోపలి మంట గురించి మళ్లీ మొదలుపెట్టి, చిన్న జంతువులు వేగంగా మండి వేగంగా ఆరిపోతాయని, ఎలుక రెండు మూడేళ్లకే పోతుందని చెప్పాడు. మా అత్త ముఖం మాడిపోయింది. "అయితే ఈ పిల్ల తొందరగా పోతాదా?" అని వాడి చెవి పట్టుకుంది. మనుషులకు ఆ లెక్క వర్తించదని చెప్పేదాకా వదల్లేదు. ఆ రోజంతా నాకు కారణం చెప్పకుండా ఏదో ఒకటి తినిపిస్తూనే ఉంది.

కొన్నేళ్లు గడిచాయి. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ చుంచులే. మరిది ఉద్యోగమొచ్చి దూరం పోయాడు. ఒక ఏడు వేసవిలో మా అత్తకు జ్వరం పట్టుకుంది. వచ్చింది ఆ వైద్యుడే. లంఖణం పరమౌషధం అన్నాడు. జ్వరం ఉన్నన్నాళ్లూ నీళ్లే. జ్వరం పోయాక కూడా నాలుక మీద పాచి పోలేదని ఇంకా నీళ్లే అన్నాడు. మా మామకు వైద్యుడి మాట వేదం. పంచలో మంచం వేసుకుని కాపలా కూర్చున్నాడు.

రోజులు గడిచేకొద్దీ మా అత్త నా కళ్ల ముందే చిన్నదైపోయింది. గాజులు మోచేతి దాకా జారేవి. ఒకప్పుడు తక్కెడను నేలకు ఆనించిన మనిషిని నేనొక్కదాన్నే లేపి కూర్చోబెట్టగలిగాను. లేపినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఏనుగైతే పస్తుకు ఓర్చుకుంటుంది. ఇప్పుడీవిడ ఏనుగు కాదు కదా. లోపల సరుకు అయిపోతోంది, పొయ్యి మాత్రం మండుతూనే ఉంది. ఈ సంగతి నేను చెబితే వినేవాళ్లు ఎవరు?

రెండుసార్లు పల్చగా గంజి కాచి తెచ్చాను. రెండుసార్లూ మా అత్తే ముఖం తిప్పుకుంది. పంచలో మొగుడు, వాకిట్లో చూడవచ్చిన ఆడవాళ్లు, అందరూ "ఎంత నిగ్రహం, గాలి పీల్చి బతుకుతా ఉండాది" అంటున్నారు. ఆ మాట ఆవిడకు వినబడుతోంది. ఆ పేరు కోసం చచ్చిపోయేట్టుందని నాకు ఒళ్లు మండింది.

మూడోసారి మిట్టమధ్యాహ్నం పోయాను. తలుపు దగ్గరగా వేశాను. కిటికీలోంచి ఎండ మంచం మీద పడి, కళ్లు చెదిరేట్టు కాస్తోంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను.

"అత్తా, చుక్క కనపడింది."

ఆవిడ కన్ను తెరిచింది, ఒక్కటే. కిటికీ వైపు చూసింది. "పట్టపగలా?"

"చుంచులకు పగలే కనపడతాయి."

"ఎన్ని?"

"రెండు."

పెదాలు కొంచెం కదిలాయి. నోరు తెరిచింది. నేను చెంచాతో పోశాను. మింగింది. మళ్లీ తెరిచింది. మూడో చెంచాకు నా మణికట్టు పట్టుకుంది, గిన్నెను దగ్గరకు లాక్కుంటూ. అప్పుడే తలుపు బయట మా మామ గొంతు వినబడింది. "ఏంది, లోపల చప్పుడు?"

నేను గిన్నెను చెంగు కింద దాచబోయాను. మా అత్త దాచనివ్వలేదు.

"తలుపు తియ్యి మే" అంది.

"అత్తా, వాకిట్లో అందరూ ఉండారు."

"ఉండనీ. తియ్యి."

తీశాను. మా మామ, ఆయన వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు గుమ్మంలో గుమికూడారు. వాళ్లందరూ చూస్తుండగా మా అత్త గిన్నెను రెండు చేతులతో ఎత్తుకుని, మిగిలిన గంజి అంతా తాగింది. ఒకామె బొటనవేలు కణుపుల మీద కదలడం నేను చూశాను. మా అత్త కూడా చూసింది. మూతి తుడుచుకుని, ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టి, వీధి చివరి దాకా వినబడేట్టు అంది.

"ఇంకా పొయ్యి మే. పెద్ద గరిటతో."